ఆశ్రయం దానం కాదు, చేబదులు

హ్యూస్టన్‌లో ఉండేవాళ్లకు జూన్ 1 అంటే తుఫాను కాలం మొదలయ్యే రోజు. అక్కడి నుంచి నవంబరు 30 దాకా ఒక కన్ను టీవీలో వాతావరణ పటం మీదే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి మెక్సికో సింధుశాఖలో వాయుగుండం బలపడుతుంది. తీరంలో ఏదో ఒక ఊరు ఖాళీ అవుతుంది. దానికి ఎగువన ఏదో ఒక చర్చి తలుపులు తెరుస్తుంది. ఆ సాయంత్రమే వార్తల్లో చర్చి హాలు, వరసగా మడత మంచాలు, దుప్పట్లు అందిస్తున్న నవ్వుముఖాలు కనిపిస్తాయి. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులకూ ఆ వీడియో చేరిపోతుంది, కింద చేతులు జోడించిన బొమ్మలతో. నాకు మాత్రం ఆ పొగడ్త మింగుడుపడదు.

చర్చిలంటే పడక కాదు. గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబంలో పుట్టి పెరిగాను. 1842లో అమెరికా మిషనరీ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘం మాది. ఇప్పుడు హ్యూస్టన్ శివారులో, తెల్లవాళ్లే ఎక్కువగా ఉన్న ఒక సంఘంలో సభ్యురాలిని. 2005 సెప్టెంబరులో కత్రినా తుఫానుకు ఊరు వదిలి వచ్చిన కుటుంబాలను మా సంఘం చేర్చుకున్నప్పుడు నేను వంటగదిలోనూ, పేర్లు రాసుకునే బల్ల దగ్గరా పనిచేశాను. అందుకే ఇది గట్టున నిలబడి రాళ్లు వేసే వ్యవహారం కాదు.

నేను చెప్పదలచినది ఒకటే. మా సంఘం అప్పుడు చేసినది దానం కాదు, చేబదులు. అదైనా ఆ కుటుంబాలకు ఇచ్చినది కాదు, ప్రభుత్వానికి ఇచ్చినది. ఆ కుటుంబాలకు నీడా, తిండీ, మళ్లీ ఒక ఇల్లూ బాకీ ఉన్నది అమెరికా ప్రభుత్వం. అది సమయానికి రాలేదు. అది వచ్చేదాకా మేం మా జేబులోంచి సర్దాం. ఇలా చూస్తే మా హాల్లో పడుకున్నవాళ్లు మాకు రుణపడినవాళ్లు కారు. వాళ్లే అప్పిచ్చినవాళ్లు, వాళ్లకు రావలసినదే ఇంకా రాలేదు.

ఎందుకు బాకీ అంటున్నానో కృష్ణా డెల్టావాళ్లకు తొందరగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇది కరకట్టల కథ. 2005 ఆగస్టు 29న కత్రినా లూసియానాలో బ్యూరస్ అనే ఊరి దగ్గర మూడో శ్రేణి తుఫానుగా తీరం దాటింది. న్యూ ఆర్లీన్స్‌ను ముంచినది గాలీ వానా కాదు, తెగిన కరకట్టలు, కూలిన వరద గోడలు. సెవెంటీన్త్ స్ట్రీట్ కాలువ, లండన్ అవెన్యూ కాలువ, ఇండస్ట్రియల్ కాలువ, ఇంకా చిన్నాపెద్దా కలిపి 50కి పైగా చోట్ల గండ్లు పడ్డాయి. నగరంలో సుమారు 80 శాతం నీట మునిగింది. మొదటి రెండు కాలువల దగ్గరైతే నీళ్లు గోడ అంచును దాటకముందే గోడ పునాదితో సహా పక్కకు జరిగిపోయింది. ఆ గోడల నమూనా గీసినదీ, కట్టించినదీ సైన్యానికి చెందిన ఇంజినీర్ల దళం, అంటే సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వం. 2006 జూన్‌లో ఆ దళమే తన నివేదికలో నిర్మాణ లోపాలను ఒప్పుకుంది. గోడ నిలబడుతుందని సర్కారు చెబితే నమ్మి దాని నీడన ఇల్లు కట్టుకున్న మనిషి, ఆ గోడ కూలినందుకు నా వంటగది ముందు పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. నేను రెండు గరిటెలు వడ్డించి దానకర్ణుణ్ణి అనుకుంటే అంతకంటే నవ్వులాట ఉంటుందా?

సెప్టెంబరు 1న హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియం తెరిచారు. న్యూ ఆర్లీన్స్‌లో జనం తలదాచుకున్న సూపర్‌డోమ్ స్టేడియం నుంచి బస్సులు వరసకట్టి వచ్చాయి. ఆ స్టేడియం, దాని పక్కనున్న భవనాలూ నిండిపోయాక, సొంత కార్లలో వచ్చి హోటలు డబ్బులు అయిపోయినవాళ్లు ఊరి నిండా ఉన్నారని తెలిసింది. మాలాంటి సంఘాలు కదిలినది అప్పుడే.

చర్చి భవనం ఆదివారం రెండు గంటల కోసం కట్టినది. ఈ చిన్న సంగతి మాకు మొదటి రాత్రే బోధపడింది. మా హాల్లో పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుకునే చెక్క నేల ఉంది. దాని మీద చెప్పులతో అడుగు పెడితే గుడి నిర్వహణ చూసే పెద్దాయన ఊరుకునేవాడు కాదు. ఆ నేల మీదే మంచాలు పరిచాం. మరుగుదొడ్లు ఉన్నాయి గానీ స్నానాల గది ఒక్కటీ లేదు. నూనె, మురుగు కలిసిన నీళ్లలో నడిచివచ్చిన వాళ్లకు అన్నిటికంటే ముందు కావలసినది స్నానం. వంతులు వేసుకుని ఒక్కొక్క కుటుంబాన్ని మా ఇళ్లకు తీసుకెళ్లి తీసుకొచ్చాం. వంటగది ఫ్రిజ్‌లో పాల డబ్బాల పక్కన చెప్పుల అట్టపెట్టె ఒకటి పెట్టి, అందులో పేర్లు రాసిన ఇన్సులిన్ సీసాలు దాచాం. బీపీ మందు పేరు ఎవరికీ గుర్తులేదు. "తెల్లది, గుండ్రంగా ఉంటుంది, పొద్దునపూట ఒకటి" అని చెప్పేవారు. మా సంఘంలో నర్సుగా పనిచేసి రిటైరైన ఒకావిడ ఆ తెల్ల గుండ్రటి మాత్రల చిక్కుముడి విప్పడానికే పగలంతా ఫోను పట్టుకుని కూర్చుంది. వార్తల వీడియోల్లో దుప్పట్లు కనిపిస్తాయి. చెప్పుల అట్టపెట్టె కనిపించదు.

ఇక వంటగది. అక్కడికి అతిథులు రాకూడదని నియమం పెట్టారు. ఎవరికైనా చెయ్యి కాలితే బీమా చిక్కులని కారణం చెప్పారు. కమిటీ తయారుచేసిన భోజనాల పట్టికలో శాండ్‌విచ్‌లు, ఓవెన్‌లో కాల్చిన చేపల పాస్తా, మళ్లీ శాండ్‌విచ్‌లు. ఒక సోమవారం పొద్దున ఒక పెద్దావిడ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసింది. న్యూ ఆర్లీన్స్ ఆడవాళ్లకు చిన్నాపెద్దా తేడా లేకుండా అందరినీ "బేబీ" అనే అలవాటు. "బేబీ, ఈ రోజు సోమవారం కదా. ఎర్ర చిక్కుళ్లు ఏవి?" అని అడిగింది. సోమవారమంటే అక్కడి ఇళ్లలో ఎర్ర చిక్కుళ్లు, అన్నం. ఆదివారం మిగిలిన పంది మాంసం ఎముక వేసి, బట్టలు ఉతుక్కుంటూ పొద్దుటి నుంచి సన్న సెగ మీద ఉడకనిస్తారు. నేను ఒక్కదాన్నే అక్కడున్నాను. నియమం నాకూ తెలుసు. గింజలు కొని తెచ్చి ఆవిడకు గరిటె అప్పగించాను. ఉల్లిపాయ, సెలరీ, కాప్సికం తరగడంలో ఆవిడ చెయ్యి తిరిగిన తీరు చూస్తే కమిటీ పట్టిక ఎంత దండగో తెలిసింది. అన్నం మాత్రం నేను వండాను. నీళ్లు వేలి కణుపుతో కొలవడం చూసి ఆవిడ నన్ను తనవాళ్లలో కలుపుకుంది. టెక్సాస్ కారపు సాసు మీద ఆవిడ అభిప్రాయం ఇక్కడ రాయదగినది కాదు.

ఆ సాయంత్రం హాల్లో మొదటిసారి జనం గట్టిగా మాట్లాడుకున్నారు, పోట్లాడుకున్నారు, రెండోసారి వడ్డించుకున్నారు. అప్పటిదాకా అందరూ "థాంక్యూ" అని గుసగుసలాడుతూ తిరిగినవాళ్లే. మర్నాడు కమిటీలో ఒకాయనకు నొప్పి కలిగింది. "ఇన్నాళ్లూ మనం పెట్టినది బాగాలేదనా వీళ్ల ఉద్దేశం?" అన్నాడు. సరిగ్గా అదే ఉద్దేశం. అది తప్పెలా అవుతుంది? బాకీ వసూలుకు వచ్చినవాడు చిల్లర తక్కువైందని అనకూడదా? దానం అనుకున్నంతకాలం ఆ ఫిర్యాదు మనకు పొగరుగా వినిపిస్తుంది. బాకీ అనుకుంటే మామూలు మాటగా వినిపిస్తుంది. సహాయక శిబిరాల్లో సగం గొడవలకు మూలం ఇక్కడే ఉంది. ఇచ్చేవాళ్లు తెలియకుండానే కృతజ్ఞతను అద్దెలా వసూలు చేస్తారు.

కృతజ్ఞత ఒక్కటే కాదు, భక్తిని కూడా. బుధవారం సాయంత్రం మా సంఘంలో ప్రార్థన కూడిక ఉంటుంది. అలవాటు ప్రకారం హాల్లోనే పెట్టారు, మంచాల చివర, గిటారుతో. అతిథుల్లో చాలామంది మాకంటే గట్టి విశ్వాసులు. కొందరు లేచివచ్చి మాకంటే బాగా పాడారు. ఒకాయన మాత్రం దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. కాసేపటికి లేచి కూర్చుని, చాలా మర్యాదగా నన్ను అడిగాడు: "ఇక్కడ పడుకోవాలంటే పాడాలా, మేడమ్?"

వెళ్లి పాస్టరుగారికి చెప్పాను. ఆయన ఒక్క నిమిషం మౌనంగా ఉండి, గిటారు ఆపించి, కూడికను ఆరాధన మందిరంలోకి మార్చారు. రావాలనుకున్నవాళ్లు నడిచి వస్తారు, వద్దనుకున్నవాళ్లు పడుకుంటారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగిన రోజు అదే. అయితే ఇది మంచి పాస్టరు దొరికితే జరిగి, దొరక్కపోతే జరగకుండా పోయే సంగతిగా ఉండకూడదు. వేరే చోటికి వెళ్లే దారి లేనివాడు శ్రోత కాడు. సువార్త చెప్పే హక్కు చర్చికి ఉంది. మంచం పక్కన చెప్పే హక్కు మాత్రం లేదు. ఈ మాట మా సంఘంలో అన్నప్పుడు ఇద్దరు ముగ్గురు నాతో పలకరింపులు తగ్గించారు. సరే.

ఈలోగా మేం చేతకానిది ఏమిటో కూడా తేలిపోయింది. మేం మంచం ఇవ్వగలం, ఇల్లు ఇవ్వలేం. పిల్లల్ని బడికి మా వ్యానులో దింపగలం. కానీ సర్టిఫికెట్లు లేని పిల్లలను బడి చేర్చుకున్నది మా మంచితనం వల్ల కాదు, మెకిన్నీ–వెంటో చట్టం వల్ల. ఇల్లు లేని పిల్లలను కాగితాలు లేవన్న కారణంతో బడి తిప్పి పంపకూడదని ఆ చట్టం చెబుతోంది. సెప్టెంబరు మధ్యకల్లా ఆస్ట్రోడోమ్ దాదాపు ఖాళీ అయింది. దానికి కారణం ప్రార్థన కాదు. హ్యూస్టన్ మేయరు బిల్ వైట్ నగరం పేరు మీద అపార్టుమెంట్లకు అద్దె వోచర్లు ఇచ్చారు, డబ్బు కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ఫెమా నుంచి రాబట్టారు. వేల కుటుంబాలు మంచం మీద నుంచి నేరుగా సొంత తాళంచెవి ఉన్న గదుల్లోకి వెళ్లాయి. ఆ వోచరు కాగితం అందిన రోజు మా పెద్దావిడ ముఖం చూశాను. ఎర్ర చిక్కుళ్ల రోజుకంటే అది వేరే వెలుగు. ప్రభుత్వం దిగితే ఏం చేయగలదో, దిగకపోతే మేం ఎంత తక్కువ చేయగలమో ఆ ఒక్క కాగితంలో ఉంది.

అప్పటికి అందరూ వెళ్లలేదు. ఇంతలో రీటా అనే మరో తుఫాను వచ్చింది. కత్రినా శవాలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి, ఆ భయంతో హ్యూస్టన్ ప్రాంతం నుంచి 20 లక్షలకు పైగా జనం ఒక్కసారిగా రోడ్డెక్కారు. ఆశ్రయమిచ్చినవాళ్లమూ, ఆశ్రయం పొందినవాళ్లూ ఒకే హైవే మీద, ఒకే ఎండలో, కదలని కార్లలో. సెప్టెంబరు 23న డల్లాస్ దగ్గర వృద్ధాశ్రమం వాళ్లు ప్రయాణిస్తున్న బస్సు కాలిపోయి 23 మంది చనిపోయారు. మర్నాడు రీటా హ్యూస్టన్‌ను తప్పించుకుని తూర్పుగా తీరం దాటింది. మేం డల్లాస్‌లో మా బంధువుల ఇంట్లో, మరో మూడు తెలుగు కుటుంబాలతో కలిసి నేలమీద పడుకున్నాం. ఆ ఇంటావిడ ఫ్రిజ్ తెరవాలంటే నాకు మొహమాటం వేసింది. సొంత మనుషుల దగ్గరే అలా ఉంటే, చర్మం రంగు వేరైన అపరిచితుల హాల్లో వారాల తరబడి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

చేబదులు అంటే లెక్క రాసుకోవాలి. ఇక్కడే మా వాళ్లతో నాకు పేచీ. 2005 సెప్టెంబరు చివర్లో ఫెమా ఒక ప్రకటన చేసింది. స్థానిక ప్రభుత్వాల కోరికపై జనానికి చోటిచ్చిన చర్చిలకు అయిన ఖర్చు తిరిగి ఇస్తామంది. రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. ప్రభుత్వం డబ్బు మతసంస్థలకు పోకూడదని ఒక పక్షం. సేవకు బిల్లు పెడతామా అని చర్చిల్లోనే మరో పక్షం. మా సంఘం రెండో పక్షం. మాకు ఆస్తిపరులున్నారు, కాబట్టి ఆ రోషం చెల్లింది. కానీ లూసియానాలో చిన్న చిన్న నల్లజాతి సంఘాలు, సభ్యుల ఇళ్లే మునిగినవి, కానుకల పళ్లెంలో పడే డాలరు నోట్లతో నడిచేవి, మాకంటే ఎక్కువమందికి మాకంటే ఎక్కువకాలం అన్నం పెట్టాయి. వాళ్లకు "సేవకు బిల్లా?" అని పాఠం చెప్పడం ఉన్నవాడి డాంబికం. పరదేశిని చేర్చుకోమన్న ఆజ్ఞ మాకు తెలుసు. చేర్చుకున్న తరువాత కరెంటు బిల్లు అసలు బాకీదారుకు పంపకూడదన్న ఆజ్ఞ ఎక్కడా చదవలేదు. బిల్లు పంపకపోతే ప్రభుత్వానికి ఒకటే అర్థమవుతుంది: వచ్చేసారి కూడా వీళ్లు చూసుకుంటారు.

డబ్బు తీసుకుంటే షరతులు వస్తాయి కదా అంటారు. రానీయండి. మంచం పక్కన ప్రార్థన కుదరదని, మతం అడగకూడదని, లెక్కలు చూపించాలని షరతు పెడితే నాకు సంతోషమే. దుప్పటి కప్పుకున్న ఆ మనిషి ప్రశ్నకు జవాబు పాస్టరు మంచితనంలో కాకుండా కాగితం మీద ఉంటుంది.

2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు ఈ చర్చంతా మళ్లీ పక్కదారి పట్టింది. ఒకప్పటి బాస్కెట్‌బాల్ స్టేడియంలో, సుమారు 16,000 సీట్లతో నడిచే హ్యూస్టన్ లేక్‌వుడ్ చర్చి వెంటనే తలుపులు తెరవలేదని దేశమంతా దుమ్మెత్తిపోసింది. చుట్టూ వరద ప్రమాదం ఉందని, నగరం తమను అడగలేదని ఆ చర్చి సమాధానం. ఆగస్టు 29న తెరిచారు. ఆ పాస్టరు బోధ నాకు రుచించదు, ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోను. కానీ అంత కోపంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: అంత పెద్ద నగరంలో ఏ భవనం ఎప్పుడు తెరవాలో ముందే రాసిపెట్టిన ఒప్పందం ఎందుకు లేదు? ప్రజల ప్రాణాలు ఒక పాస్టరు మనసు కరగడం మీద ఎందుకు ఆధారపడాలి?

అదే తుఫానులో హ్యూస్టన్‌కు ఈశాన్యాన క్లీవ్‌లండ్‌లో హైవే ట్యాబర్నకిల్ అనే చర్చి తాను వరద దెబ్బ తిని కూడా జనానికి ఆశ్రయమిచ్చింది. తీరా మరమ్మతుల సహాయం అడిగితే, భవనం ప్రధానంగా ఆరాధనకే కాబట్టి నిబంధనలు ఒప్పుకోవన్న గోడ ఎదురైంది. మరో రెండు చర్చిలతో కలిసి ఫెమా మీద దావా వేసింది. 2018 జనవరిలో ఫెమా నిబంధన మార్చుకుంది, ఫిబ్రవరిలో కాంగ్రెసు దాన్ని చట్టంలో చేర్చింది. జనాన్ని పడుకోబెట్టడానికి పనికొచ్చిన కప్పు, బాగుచేసుకునేటప్పుడు మాత్రం మతపరమైన కప్పు అయిపోవడం ఏం న్యాయం? ఆ దావాలో చర్చిలదే న్యాయం.

నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే సంఘం ఒకటుంది. న్యూ ఆర్లీన్స్ తూర్పు భాగంలో మేరీ క్వీన్ ఆఫ్ వియత్నాం అనే కేథలిక్ చర్చి. 1975లో సైగాన్ పతనం తరువాత వచ్చిన కుటుంబాలు కట్టుకున్నది. కత్రినా తరువాత వాళ్లలో చాలామంది హ్యూస్టన్ చేరారు. బెలైర్ బులవార్డ్‌లో హాంకాంగ్ సిటీ మాల్ దగ్గర కార్లు ఆపుకుని నిలబడితే, వియత్నామీ భాషా రేడియోలో కబురు విని ఇక్కడి వియత్నామీ కుటుంబాలు వచ్చి వాళ్లను ఇళ్లకు తీసుకెళ్లాయి. నేను అటు సరుకులకు వెళ్లినప్పుడు గోడల మీద చేతిరాత కాగితాలు చూశాను. వాళ్ల ఫాదర్ వియెన్ న్గుయెన్ శిబిరాలన్నీ తిరిగి తన జనాన్ని వెతుక్కున్నారు. ఊరికి తిరిగి వెళ్లాలా, ఎవరెవరు వెళ్లాలి అన్నది ఆశ్రయంలో ఉండగానే మాట్లాడుకున్నారు. అక్టోబరులోనే తిరిగివెళ్లి పూజ జరిపారు. కరెంటు కోసం కంపెనీ మెడమీద కూర్చున్నారు. తుఫాను శిథిలాలన్నీ తమ పేట పక్కనే పారబోయడానికి నగరం 2006లో చెత్త దిబ్బ తెరిస్తే పోరాడి ఆ ఆగస్టుకల్లా మూయించారు. ఆశ్రయం పొందినవాళ్లు సంఘంగా మిగిలితే ఏం సాధిస్తారో అది. మా హాల్లో ఉన్నవాళ్లకు ఆ అవకాశం మేం ఇవ్వలేదు. ఒకే పేట వాళ్లను కలిపి ఉంచాలన్న ఆలోచనే మా రిజిస్టరులో లేదు. ఇంటి పేరు మొదటి అక్షరం వరసలో మంచాలు కేటాయించాం.

మన వైపు సంగతి చూడండి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు పక్కా కప్పు ఏది కనబడితే అందులోకి పరుగెత్తారు, బడో, గుడో, చర్చో. బాపట్లలో తలదాచుకున్న జనం మీదే చర్చి కూలిపోయింది. మా అమ్మ దాని గురించి మాట్లాడేటప్పుడు దేవుడి మీద కాదు, సర్కారు మీద కోప్పడేది. తరువాత కోస్తా పొడవునా ప్రభుత్వం తుఫాను షెల్టర్లు కట్టించింది. వాటి తలుపులు ఎన్ని తుప్పుపట్టాయో, తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఎవరిని అడగాలో తెలుసు. పాస్టరును కాదు, కలెక్టరును.

మా సంఘంలో ఇప్పుడు ఒక ప్రతిపాదన నడుస్తోంది. 2024 జులైలో బెరిల్ తుఫానుకు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, ఎండలో రోజుల తరబడి రాలేదు. ఆ తరువాత కొందరం కలిసి హాలు వెనక నాలుగు స్నానాల గదులు, ఒక జనరేటరు కావాలని, కౌంటీతో ముందస్తు ఒప్పందం రాసుకోవాలని, అందులో ఖర్చుల వాపసు, మంచాల దగ్గర ప్రార్థన నిషేధం రెండూ ఉండాలని అడిగాం. ఆరాధన మందిరంలో తివాచీ మార్చాలని మరో ప్రతిపాదన ఉంది. తివాచీకి ఓట్లు ఎక్కువగా ఉన్నట్టున్నాయి. ఓటింగు వచ్చే నెల మొదటి ఆదివారం, ఆరాధన తరువాత. ఆ హాల్లోనే.